ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసిన కవి – మాథ్యూ ఆర్నాల్డ్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి పంపమని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి అడిగారు. గాంధీగారి గురించీ, సర్వేపల్లివారి గురించీ మన సభ్యులు లోగడ సంచికల్లో చక్కగా రాసి ఉన్నారు. నేను విద్యాశాఖలో 34 సంవత్సరాలు పనిచేసినవాణ్ణి. మొదట సెకండరీ గ్రేడు టీచరుగా, తర్వాత స్కూలు అసిస్టెంటుగా, చివరి పదకొండేళ్ళు బడులు తనిఖీ చేసే అధికారిగా. కనుక నా వృత్తిలోని మనిషినే ఒకరిని ఎంచుకున్నాను. ఆయన 35 ఏళ్ళు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. లోకం మాత్రం ఆయనను కవిగా, విమర్శకునిగా గుర్తు పెట్టుకుంది. పేరు మాథ్యూ ఆర్నాల్డ్.

ముందే ఒక మాట. బుద్ధుని చరిత్రను ఆంగ్లంలో కావ్యంగా రాసిన ఆర్నాల్డ్ వేరు. ఆయన ఎడ్విన్ ఆర్నాల్డ్, పూనాలో ప్రిన్సిపాలుగా పనిచేసినవారు. మన మాథ్యూ ఆర్నాల్డ్ సోహ్రాబు, రుస్తుం కథను 1853లో ఆంగ్ల పద్యంగా రాసినవారు. మా బి.ఏ. రోజుల్లో అది మాకు పాఠ్యభాగం. జాషువాగారి ఫిరదౌసి చదివినవారికి షానామా పేరు కొత్త కాదు. ఆ షానామాలోని తండ్రీకొడుకుల కథే అది. ఒకరినొకరు ఎరగక యుద్ధంలో తలపడతారు. కొడుకు తండ్రి చేతిలో చనిపోతాడు.

మాథ్యూ ఆర్నాల్డ్ 1822 డిసెంబరు 24న థేమ్స్ నది ఒడ్డున లాలెహాం అనే గ్రామంలో పుట్టారు. తండ్రి డాక్టర్ థామస్ ఆర్నాల్డ్ ఆ కాలంలో ఇంగ్లండు అంతటా పేరున్న హెడ్మాస్టరు. 1828లో రగ్బీ స్కూలుకు హెడ్మాస్టరుగా వెళ్ళి దాని రూపురేఖలే మార్చివేశారు. అటువంటి తండ్రి కడుపున పుట్టిన కొడుకు సహజంగానే కొంచెం అల్లరిగా, సోకుగా పెరిగాడు. ఆక్స్‌ఫర్డులో బేలియల్ కాలేజీలో చదివాడు. 1843లో పద్యానికి బహుమతి వచ్చింది గాని, మరుసటేడు డిగ్రీ పరీక్షలో వచ్చింది సెకండ్ క్లాసే. అప్పటికే తండ్రి గుండెజబ్బుతో 1842లో హఠాత్తుగా పోయారు, 46 ఏళ్ళకే. 1847లో లాన్స్‌డౌన్ ప్రభువు దగ్గర ప్రైవేటు సెక్రటరీగా చేరాడు. ఆ ప్రభువు మంత్రివర్గంలో విద్యావ్యవహారాలు చూసే పెద్దమనిషి.

ఇంతలో ఫ్రాన్సెస్ లూసీ వైట్‌మాన్ అనే జడ్జిగారి అమ్మాయిని పెళ్ళాడాలనుకున్నారు. సంపాదన లేని కవికి పిల్లనివ్వడానికి ఏ జడ్జీ ఒప్పుకోడు గదా! ప్రభువు తలచుకుని 1851 ఏప్రిల్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వేయించారు. జూన్‌లో పెళ్ళి అయింది. ఇంటర్వ్యూ లేదు, ట్రెయినింగు లేదు, మనలాగా డిపార్ట్‌మెంటు టెస్టులు లేవు. పెళ్ళి కోసం పుచ్చుకున్న ఉద్యోగం, అంతే. ఆ ఉద్యోగమే ఆయన జీవితాన్ని తినివేసిందని సాహిత్యకారులు బాధపడతారు. నాకు అలా అనిపించదు. కారణం ముందు చెబుతాను.

ఆ రోజుల్లో ఇంగ్లండులో సర్కారు బడులు లేవు. చర్చీలు, మతసంఘాలు బడులు నడిపేవి, సర్కారు గ్రాంటు ఇచ్చేది. గ్రాంటు పుచ్చుకున్న బడిని ఇన్‌స్పెక్టరు చూసి రిపోర్టు రాయాలి. ఆంగ్లికన్ చర్చి బడులను ఆ చర్చి పాదుర్లే చూసేవారు. ఆర్నాల్డ్ పాదిరీ కాదు గనుక ఇతర ప్రొటెస్టెంటు శాఖల బడులు ఆయన పాలికి వచ్చాయి. ఆ బడులు దూరదూరాన ఉండేవి. ఇంగ్లండు మధ్య జిల్లాలు, వేల్సులో కొంత భాగం కలిపి ఒక్క మనిషికి అప్పగించారు. రోజూ రైలు, స్టేషన్లలో పడిగాపులు, చిన్న ఊళ్ళ హోటళ్ళు. మొదటి ఏళ్ళలో ఆయనకు కాపురానికి ఇల్లే లేదు. భార్య ఆయనతోపాటే ఊరూరూ తిరిగింది. డెర్బీ పట్నంలో ఒక అద్దె గదిలో ఒక బిడ్డ పుట్టింది. ఆ గదికి వెనక అనాథశాల, ముందు నేరస్థుల సంస్కరణశాల! లండనులో స్థిరమైన ఇల్లు 1858లో గాని దొరకలేదు.

ఒక ఉత్తరంలో ఆయన రాసుకున్న సంగతి చదివి నవ్వుకున్నాను. ఆనాడు ఇరుకు గదిలో 30 మంది ప్యూపిల్ టీచర్లను పరీక్ష చేశారట. ప్యూపిల్ టీచర్లంటే బడిలోనే చదువుకుంటూ చిన్నపిల్లలకు చెప్పే కుర్రవాళ్ళు. పొద్దుటినుంచి తిండి లేదు. ఒక దయగల ఇల్లాలు ఇచ్చిన బిస్కత్తు ఒక్కటే ఆ పూట ఆహారం. క్యాంపుల్లో తిరిగిన మన మిత్రులకు ఇది వివరించనక్కరలేదు.

1857లో ఆక్స్‌ఫర్డులో కవిత్వ ఆచార్యుడుగా ఎన్నికయ్యారు. ఆ పీఠం మీదినుంచి లాటిన్ వదిలి ఇంగ్లీషులో ఉపన్యాసాలు ఇచ్చిన మొదటివారు ఆయనే. పదేళ్ళు ఆ పదవి చేశారు, ఇన్‌స్పెక్టరు ఉద్యోగం మానకుండానే.

1859లో న్యూకాజిల్ డ్యూకు అధ్యక్షతన ఉన్న విద్యా కమిషను ఆయనను ఫ్రాన్సు, హాలండు, స్విట్జర్లాండు బడులు చూసి రమ్మని పంపింది. ఆ ప్రయాణంలో ఉండగానే తమ్ముడి మరణవార్త అందింది. ఈ తమ్ముడు విలియం డెలాఫీల్డ్ ఆర్నాల్డ్ మన దేశంలో పనిచేసినవాడు. పంజాబుకు మొట్టమొదటి డైరెక్టర్ ఆఫ్ పబ్లిక్ ఇన్‌స్ట్రక్షన్. జబ్బుపడి ఇంటికి పోతూ జిబ్రాల్టరులో 31వ ఏట పోయాడు. భార్య అంతకుముందే పోయింది. వాళ్ళ నలుగురు పిల్లలను ఆర్నాల్డ్ అక్కగారు జేన్, ఆమె భర్త ఫార్‌స్టర్ పెంచుకున్నారు. ఇంగ్లండుకు 1870లో ప్రాథమిక విద్యా చట్టం తెచ్చిన మంత్రి ఆ ఫార్‌స్టరే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయాలనిపించింది దీనికోసమే.

న్యూకాజిల్ కమిషను 1861లో రిపోర్టు ఇచ్చింది. బడులకు డబ్బు పోతున్నది గాని పిల్లలకు చదువు రావటం లేదు, చక్కగా చదువు వచ్చినవాళ్ళు నాలుగో వంతు కూడా లేరు, టీచర్లు పెద్ద తరగతి మీద శ్రద్ధ పెట్టి చిన్నపిల్లలను గాలికి వదిలేస్తున్నారు అని సారాంశం. అప్పుడు విద్యాశాఖ చూస్తున్న మంత్రి రాబర్ట్ లో. గట్టి బుర్ర, పదునైన నాలుక, ఖర్చు తగ్గించాలన్న పట్టుదల. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ప్రజల డబ్బు ఇస్తున్నాము, దానికి ప్రతిగా ఏమి వచ్చిందో కొలిచి చూసుకోవాలి. చదువు వస్తే డబ్బు, రాకపోతే లేదు. చదువు రాకపోయినా కనీసం ఖర్చయినా తగ్గుతుంది. దీనికి పేమెంట్ బై రిజల్ట్స్ అని పేరు. ఇది 1862లో ఖరారైన రివైజ్డ్ కోడ్.

అందులో ఆరు మెట్లు ఏర్పరచారు. ప్రతి మెట్టుకూ చదవటం, రాయటం, లెక్కలు మూడింటిలో ఇంత రావాలి అని కచ్చితంగా రాశారు. మొదటి మెట్టు పిల్లవాడు ఒక అక్షరపు ముక్కలతో ఉన్న చిన్న మాటల కథ చదవాలి, చెప్పిన అక్షరాలు పలక మీద రాయాలి, 20 వరకు అంకెలు గుర్తుపట్టి రాయాలి, 10 లోపు కూడికలు, తీసివేతలు నోటితో చెప్పాలి. ఆరో మెట్టువాడు వార్తాపత్రికలో ఒక పేరా చదవాలి, అటువంటిదే ఉక్తలేఖనం రాయాలి, అంగడి బిల్లు లెక్క కట్టాలి. డబ్బు లెక్క ఇది: సగటు హాజరు మీద పిల్లకు నాలుగు షిల్లింగులు. ఆరేళ్ళు దాటి, ఏడాదిలో 200 హాజర్లు దాటిన పిల్లకు పరీక్ష మీద మరి ఎనిమిది షిల్లింగులు. ఆ ఎనిమిదిని మూడుగా పంచారు. చదవటం తప్పితే రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత, రాయటం తప్పితే అంతే, లెక్క తప్పితే అంతే. పరీక్ష రోజున బిడ్డకు జ్వరం వచ్చి రాకపోతే మూడూ కోత.

అంతకుముందు సర్టిఫికెట్టు ఉన్న టీచరుకు సర్కారు నేరుగా కొంత డబ్బు ఇచ్చేది. అది పోయింది. ఇక అంతా మేనేజర్ల చేతికే. మేనేజర్లు టీచరు జీతాన్ని గ్రాంటుకు ముడిపెట్టడం మొదలుపెట్టారు. మన సంఘం సభ్యులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. 1846 నాటి ఉత్తర్వులలో టీచర్లకు పెన్షను ఆశ చూపించారు. రివైజ్డ్ కోడ్ ఆ పెన్షనునూ ఎత్తివేసింది. పెన్షను వస్తుందని నమ్మి పదిహేనేళ్ళు పనిచేసినవాళ్ళు దిక్కు తోచక నిలబడిపోయారు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టగా పెట్టగా, 1862కు ముందునుంచి ఉన్నవారి మటుకు 1875లో తిరిగి ఇచ్చారు. మిగిలినవారికి చట్టం వచ్చింది 1898లో. పెన్షను కోసం తిరగటం మనతో మొదలైన పని కాదన్నమాట.

ఇప్పుడు ఆర్నాల్డ్ సంగతి. ఆయన ఆ శాఖలో కింది ఉద్యోగి. పైన మంత్రి రాబర్ట్ లో. భార్యాపిల్లలు ఉన్నారు, మరో ఆధారం లేదు. అయినా 1862 మార్చిలో ఫ్రేజర్స్ మాగజైన్ అనే పత్రికలో ఈ కోడ్‌ను తూర్పారబడుతూ పెద్ద వ్యాసం రాశారు. సంతకం పెట్టలేదు గాని ఎవరు రాశారో తెలుసుకోవటం కష్టం కాదు. ఉద్యోగం పోవచ్చునని ఆయనకు తెలుసు. పోయినా కొద్ది రోజుల్లో మళ్ళీ నిలదొక్కుకుంటామని ఇంటికి ఉత్తరం రాశారు. విద్యాశాఖకు మొదటి సెక్రటరీగా పనిచేసిన కే-షటిల్‌వర్త్‌గారు ఆ వ్యాసాన్ని అచ్చువేయించి పార్లమెంటు సభ్యులకు పంచిపెట్టారు. మొదట లో గారు మొత్తం డబ్బంతా పరీక్ష మీదే ఇవ్వాలని, పిల్లలను వయస్సును బట్టి వర్గాలు చేయాలని అన్నారు. ఈ గొడవ తర్వాత మూడో వంతు హాజరుకు వదిలారు, వయస్సు నిబంధన తీసేశారు. అంతమటుకు గెలుపే. ఆర్నాల్డ్ ఉద్యోగమూ పోలేదు.

ఆయన అభ్యంతరం ఏమిటి? చదవటం, రాయటం, లెక్కలు అక్కరలేదని ఆయన అనలేదు. బడి అంటే ఆ మూడే కాదు, నాగరికత లేని వీధిలోనుంచి వచ్చిన బిడ్డకు శుభ్రత, క్రమశిక్షణ, మంచి భాష, ప్రపంచజ్ఞానం అబ్బే ఒకే ఒక్క చోటు అది అన్నారు. దానికి సర్కారు ఇచ్చే డబ్బు కూలి కాదు, తోడ్పాటు. చదువు అందరికంటె తక్కువ వచ్చే చోటనే బీదతనం ఎక్కువ. అక్కడ గ్రాంటు కోస్తే ఎవరికి సహాయం చేస్తున్నట్టు?

ఇది చదివినప్పుడల్లా నాకు ఒక టీచరు గుర్తుకొస్తుంది. 1991లో మన దేశంలో కనీస అభ్యసన స్థాయిలు అని వచ్చాయి. మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ప్రతి సామర్థ్యానికీ ఒక నంబరు, ప్రతి పిల్లకూ ఒక గడి, వచ్చిందో లేదో టిక్కు. మంచి ఉద్దేశమే. నేను తిరిగిన ప్రాంతంలో ఒక తండా బడి ఉండేది. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో అడుగుపెట్టేనాటికి తెలుగులో నీళ్ళు అన్నమాట కూడా తెలియదు. ఆ పిల్లల చేత మూడేళ్ళలో ఆవిడ తెలుగులో కథ చెప్పించింది. నేను కళ్ళారా చూశాను. కాని గడుల లెక్కలో ఆ బడి ఆ చుట్టుపక్కల అన్నిటికంటె కింద ఉంది. పై ఆఫీసునుంచి ఆవిడకు మెమో వచ్చింది. బిడ్డ ఎక్కడ బయలుదేరాడో రాసుకోకుండా ఎక్కడికి చేరాడో మాత్రమే కొలిస్తే ఎలా అని నేను రెండు పేజీల ఉత్తరం రాశాను. దానికి జవాబు రాలేదు. ఆవిడ బదిలీ పెట్టుకుని రోడ్డు పక్కన ఉన్న బడికి వెళ్ళిపోయింది. తండాకు కొత్తగా వచ్చిన మనిషి గడులన్నీ నింపాడు. పిల్లలు మాత్రం బడి మానేశారు.

మళ్ళీ ఇంగ్లండుకు. కోడ్ అమలైన తర్వాత ఆర్నాల్డ్ ఏటా పంపిన రిపోర్టులు చూడాలి. 1863, 1867, 1869 సంవత్సరాల రిపోర్టులు మరీ ముఖ్యం. అవి పై అధికారికి రాసిన కాగితాలంటే నమ్మబుద్ధి కాదు, అంత నిర్మొహమాటంగా ఉంటాయి. అంతకుముందు ఇన్‌స్పెక్టరు బడికి పోతే తరగతిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, టీచరు పాఠం విని, బడి తీరు గ్రహించేవాడు. ఇప్పుడు ఒక్కొక్క బిడ్డను పిలవటం, రెండు వాక్యాలు చదివించటం, జాబితాలో గీత పెట్టటం. తనిఖీ పోయి లెక్క మిగిలిందని ఆయన బాధ. ఇన్‌స్పెక్టరుకు ఒక తరగతి తెలివి ఏమిటో తెలుసుకునే తీరికే లేకుండా పోయింది.

కోడ్‌లో ఉన్న లొసుగు కూడా ఆయనే పట్టుకున్నారు. మొదటి అయిదు మెట్లలోనూ చదివించవలసింది బడిలో వాడే వాచకం నుంచే. మరి టీచరు ఏం చేస్తాడు? ఏడాది పొడుగునా ఆ ఒక్క సన్నని వాచకమే వల్లె వేయిస్తాడు. పరీక్ష నాటికి పిల్లవాడికి అది కంఠతా వచ్చి ఉంటుంది. పుస్తకం వైపు చూస్తూ గడగడా అప్పగిస్తాడు. వేరే పుస్తకం చేతికిస్తే నోరు పెగలదు. లెక్కలూ అంతే, ఉక్తలేఖనమూ అంతే. నిజంగా చదవటం, రాయటం, లెక్క చేయటం రాకుండానే ఆ మూడింటిలోనూ పిల్లలను గట్టెక్కించే నేర్పు టీచర్లకు అబ్బిందని ఆయన పైవారికే రాశారు. మీరు ఎన్ని యంత్రాంగాలు పన్నినా ఆ ఆటలో చివరికి టీచర్లే గెలుస్తారు అని హెచ్చరించారు. టీచర్లను దూషించటానికి కాదు. వాళ్ళ కడుపుకూటిని ఆ మూడు గీతలకు కట్టినవారిని అన్నారు.

చరిత్ర, భూగోళం, వ్యాకరణం డబ్బు తేవు గనుక బడుల్లోనుంచి జారిపోయాయి. 1861లో 36 మంది పిల్లలకు ఒక ప్యూపిల్ టీచరు ఉంటే 1866 నాటికి 54 మందికి ఒకడు అయ్యాడని ఆయన లెక్క తీసి చూపించారు. కొత్తగా ఆ వృత్తిలోకి వచ్చే కుర్రవాళ్ళే తగ్గిపోయారు. సర్కారుకు మాత్రం లాభం వచ్చింది. 1861లో ఎనిమిది లక్షల పౌండ్లు దాటిన విద్యాగ్రాంటు 1865 నాటికి ఆరు లక్షల నలభై వేల లోపుకు దిగింది. ఖర్చు తగ్గుతుందని లో గారు చెప్పిన మాట అక్షరాలా నిజమైంది.

ఆ లో గారు 1864లోనే పదవి వదిలారు. ఇన్‌స్పెక్టర్ల రిపోర్టుల్లో తమకు నచ్చని భాగాలు తీసివేయిస్తున్నారని పార్లమెంటులో తీర్మానం నెగ్గింది. ఆ ఆరోపణనుంచి తర్వాత ఒక కమిటీ ఆయనను విముక్తుణ్ణి చేసింది, అది వేరే మాట. ఆయన తర్వాత ఆర్థికమంత్రి కూడా అయ్యారు.

న్యాయంగా చెప్పాలంటే, లో గారి పక్షాన కూడా ఒక మాట ఉంది. వెనక బెంచీ పిల్లవాడి గురించి అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదు. కోడ్ వచ్చాక ప్రతి బిడ్డా టీచరుకు డబ్బు విలువ చేసే మనిషి అయ్యాడు. మందబుద్ధి అని వదిలేసిన వాణ్ణి కూడా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. ఆర్నాల్డ్ కూడా ఇన్‌స్పెక్టరుగా దొడ్డ మనస్సుగలవారే గాని, ఓపికగా ఒక్కొక్క పిల్లను పరీక్షించే మనిషి కాదు. ఆ పని చాలావరకు అసిస్టెంటు చేసేవారు. ఆయన చూడని పిల్లలను కోడ్ చూసింది అనే వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లవాడికి ఏం వచ్చిందో కొలవటం తప్పని నేను అనను, జీవితమంతా అదే చేశాను. కొలిచిన అంకెను టీచరు జీతానికి కట్టిన రోజున ఆ అంకె పిల్లవాడి గురించి చెప్పటం మానేస్తుంది. నా అనుభవం అంతవరకే.

ఈ కోడ్ గాలి సముద్రం దాటి మనకూ వచ్చింది. మద్రాసు రాజధానిలో పల్లెబడులకు రిజల్టు గ్రాంటు ఇచ్చే పద్ధతి 1860లలోనే మొదలైంది. ఇంగ్లండులో పట్టు సడలిస్తున్న కాలంలో, 1882లో నియమించిన హంటర్ కమిషను ప్రాథమిక బడులకు ఫలితాలను బట్టే ఎక్కువ సహాయం ఇవ్వాలని సిఫారసు చేసింది. కాలేజీలకు మాత్రం వద్దంది! కర్జన్ ప్రభువు కాలంలో 1904 తీర్మానంతో అది వెనక్కిపోయింది. మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక పల్లెలో బడి నడిపేవారు. ఏడాదంతా పశువుల వెంట తిరిగే పిల్లలను పరీక్షకు నెల ముందు పట్టి తెచ్చి, బెల్లం ముక్క పెట్టి, రాత్రిళ్ళు ఆముదపు దీపం దగ్గర ఎక్కాలు వల్లె వేయించేవారని మా నాయనమ్మ చెప్పేది. పరీక్ష దొరగారు వెళ్ళిన మర్నాడు పిల్లలూ పశువుల దగ్గరికే. గ్రాంటు వచ్చిన ఏడు ఇంట్లో కొత్త బట్టలు, రానినాడు లేవు.

మా మేనకోడలు అమెరికాలో ఒక బడిలో టీచరుగా ఉంది. రేస్ టు ది టాప్ అనే పథకం 2009లో వచ్చాక అక్కడ చాలా రాష్ట్రాల్లో టీచరు ఏడాది మొదట్లోనే తన పిల్లలు ఇంత నేర్చుకుంటారని కొలవదగిన లక్ష్యం రాసి ఇవ్వటం, చివర దాన్ని బట్టి టీచరుకు మార్కు వేయటం వాడుకలోకి వచ్చింది. 2015 చట్టంతో కేంద్రం ఒత్తిడి తగ్గింది, రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. ఇది లో గారి కోడ్ కంటె మెరుగైనదే. పిల్ల ఎక్కడ మొదలుపెట్టిందో ముందు చూస్తారు, లక్ష్యం టీచరే రాసుకుంటుంది. కాని తోటి టీచర్లు లక్ష్యాన్ని అందుబాటులో ఉండేంత తక్కువగా రాసుకోవటం త్వరగానే నేర్చారని మేనకోడలు ఫోనులో నవ్వుతూ చెప్పింది. ఆర్నాల్డ్ రిపోర్టు కాపీ ఒకటి ఆమెకు పంపాను.

ఆయన ఇంటి సంగతి చెప్పటం బాకీ ఉంది. ఆరుగురు పిల్లలు. 1868 జనవరిలో చంటిబిడ్డ పోయాడు. అదే ఏడు నవంబరులో పదహారేళ్ళ పెద్దకొడుకు పోయాడు. 1872లో పద్దెనిమిదేళ్ళ మరో కొడుకు. కొడుకును పోగొట్టుకున్న రుస్తుం ఏడుపును ముప్ఫై ఏళ్ళ వయస్సులో పద్యం చేసిన మనిషికి ఇన్ని అనుభవాలు. ఆ ఏళ్ళలోనే సంస్కృతి, అరాచకం అనే ఆయన ప్రసిద్ధ గ్రంథం 1869లో వెలువడింది. ఆ ఏళ్ళలోనే రిపోర్టులూ, రైళ్ళూ, కట్టలకొద్దీ పేపర్లు దిద్దటమూ. కవిత్వం దాదాపు ఆగిపోయింది. సాహిత్యకారుల బాధ అందుకే. అయితే ఇన్‌స్పెక్టరుగా తిరగకపోతే బీదపిల్లల చదువు గురించి ఆ గొంతుతో మాట్లాడేవారు ఇంగ్లండులో అప్పుడు మరొకరు ఉన్నారా అని నాకు సందేహం.

1870 తర్వాత మతాల వారీ తనిఖీ పోయి, ఆయనకు లండనులో వెస్ట్‌మినిస్టర్ ప్రాంతం ఇచ్చారు. తిరుగుడు తగ్గింది. 1883లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం సాహిత్యసేవకు ఏటా 250 పౌండ్ల పెన్షను ఇస్తానంటే పుచ్చుకోవటానికి సంకోచించారు. మిత్రుల బలవంతం మీద ఒప్పుకున్నారు. ఆ శీతకాలమే అమెరికాలో ఉపన్యాసాలకు వెళ్ళారు. 1886 ఏప్రిల్ 30న ఉద్యోగ విరమణ. నవంబరులో వెస్ట్‌మినిస్టర్ టీచర్లు వీడ్కోలు సభ చేశారు. మొదట్లో ఈ పని తనకు భారంగా ఉండేదని, టీచర్ల కష్టం తనదానికంటె పెద్దదని గ్రహించాక ఓర్చుకోవటం అలవడిందని ఆయన ఆ సభలో దాపరికం లేకుండా చెప్పారు. డెర్బీ అద్దెగది సంగతి చెప్పిందీ అక్కడే.

పెన్షనరుగా ఆయన బతికింది రెండేళ్ళు కూడా కాదు. తండ్రిని పొట్టన పెట్టుకున్న గుండెజబ్బే ఆయనకూ ఉంది. అమెరికాలో కాపురం ఉన్న కూతురు లూసీ ఓడలో వస్తోందని, ఎదురు వెళ్ళటానికి లివర్‌పూలు వచ్చారు. 1888 ఏప్రిల్ 15న ట్రాము అందుకోవటానికి పరుగెత్తి, కూలిపోయి, ఆ రోజే మరణించారు. 65 ఏళ్ళు. పుట్టిన ఊరు లాలెహాంలోనే, ముందే పోయిన పిల్లల పక్కన సమాధి చేశారు.

ఆయన రిపోర్టులను మరుసటేడు, 1889లో, శాఖలో పెద్ద అధికారిగా పనిచేసిన సర్ ఫ్రాన్సిస్ శాండ్‌ఫర్డ్ ఒక పుస్తకంగా అచ్చువేయించారు. 1890లో కొత్త కోడ్ వచ్చింది. చదవటానికి ఇంత, రాయటానికి ఇంత, లెక్కకు ఇంత అని తల లెక్కన డబ్బులివ్వటం అందులో చాలావరకు తీసివేశారు.